గుడారంలో భార్యాభర్తలు



మీకు పెళ్లయి ఎన్నేళ్లయింది? పదేళ్లా, ఇరవయ్యేళ్లా? ఇన్నేళ్లలో మీరిద్దరే, పిల్లలు పక్కన లేకుండా, పని ఏదీ నెత్తిన లేకుండా, రెండు రోజులు ఒకచోట గడిపింది ఎప్పుడో ఒకసారి గుర్తు చేసుకోండి. ఆసుపత్రిలో ఒకరికొకరు తోడున్న రోజులు లెక్కలోకి రావు. పెళ్లిళ్లకూ చావులకూ కలిసి వెళ్లిన ప్రయాణాలూ రావు.

అర్ధవీడు, కంభం, గిద్దలూరు వైపు కుటుంబాలను ఈ మాట అడిగితే చాలామంది నవ్వి, "మాకెక్కడ కుదురుతుంది ఫాదర్" అంటారు. కుదుర్చుకోండి అని చెప్పడానికే ఈ వారం రాస్తున్నాను. సముద్రపు ఒడ్డుకు వెళ్లి, ఒక చిన్న గుడారం వేసుకుని, రెండు రాత్రులు ఉండి రండి.

గుడారం అనగానే మన ప్రాంతం వారి ముఖాలు మారతాయి. ఎందుకో నాకు తెలుసు. వానలు తప్పిన ఏడు మూటాముల్లె కట్టుకుని మిర్చి కోతలకు గుంటూరు వైపు పోవడం, చేను గట్టున పట్టా కింద వారాల తరబడి పడుకోవడం ఎరిగినవారు మీలో ఎందరో ఉన్నారు. "డబ్బు ఖర్చు పెట్టి మళ్లీ పట్టా కిందే పడుకోమంటారా?" అని అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. అయితే ఆ పట్టా కింద మీరు మాట్లాడుకున్నది ఎంత? ఒళ్లు అలిసి, చేతులు మండుతూ, తలవాల్చగానే నిద్ర. ఇక భర్త హైదరాబాదులో బిల్డింగు పనికి, భార్య ఊళ్లో పిల్లలతో ఉండిపోయిన ఇళ్ల సంగతి మరీ కష్టం. ఫోనులో వారి సంభాషణ మూడు మాటల్లో అయిపోతుంది. డబ్బు పంపావా? ఫీజు కట్టావా? గేదె ఈనిందా?

పవిత్ర గ్రంథంలో ఇలా వలస వెళ్లిన దంపతులు ఉన్నారు. అక్విలా, ప్రిస్కిల్లా. క్లౌదియ చక్రవర్తి యూదులను రోము నుండి వెళ్లగొట్టినప్పుడు వారు కొరింతు చేరారు. అది రెండు సముద్రాలకు నడుమనున్న పట్టణం. వారి వృత్తి గుడారాలు చేయడం. పునీత పౌలు గారిదీ అదే వృత్తి గనుక వారింట ఉండి వారితో కలిసి పని చేశారు. తరువాత ముగ్గురూ ఓడ ఎక్కి ఎఫెసు వెళ్లారు. నన్ను ఎప్పుడూ ఆకట్టుకునేది ఒక చిన్న సంగతి. నూతన నిబంధనలో వారి పేర్లు ఆరు చోట్ల వస్తాయి. ఆరు చోట్లా ఇద్దరి పేర్లూ కలిసే వస్తాయి. ఒక్కచోట కూడా ఒకరిని విడిచి ఒకరి పేరు లేదు. పైగా నాలుగు చోట్ల భార్య పేరే ముందు! ఆ కాలంలో అది మామూలు విషయం కాదు. ఊరు విడిచారు, ఇల్లు విడిచారు. ఒకరినొకరు మాత్రం విడువలేదు. పౌలు గారి కోసం తమ ప్రాణాలకే తెగించారని ఆయనే రోమీయులకు రాశారు.

అబ్రహాము, సారాల కథా గుడారంలోనిదే. మమ్రే వద్ద ఎండవేళ అతిథులు వచ్చి, నీ భార్యకు కుమారుడు పుడతాడని చెప్పినప్పుడు, గుడారం లోపల ఉన్న సారా తనలో తాను నవ్వుకుంది. ముసలివాడైన నా భర్తతో నాకింకా సుఖమా అనుకుంది. ఆ మాటను దాచకుండా గ్రంథంలో రాసి ఉంచారు. మనమేమో ముప్పయ్యేళ్లు దాటిన దంపతులు పక్కపక్కన కూర్చుంటేనే గుసగుసలాడతాం.

మోషే ధర్మశాస్త్రం అయితే కొత్తగా పెళ్లయినవాడిని ఏడాదిపాటు యుద్ధానికి పంపకూడదని చెప్పింది. ఇంటిపట్టున ఉండి భార్యను సంతోషపెట్టాలట. దేశం కంటే ముఖ్యమా అని ఎవరూ అడగలేదు. సువార్త ప్రకటించి తిరిగొచ్చిన అపోస్తలులకు తిండి తినడానికి కూడా తీరిక లేకపోతే, ఏకాంత స్థలానికి వచ్చి కొంత విశ్రమించండని ప్రభువే పిలిచారు. 1962లో స్పెయిన్ దేశపు బార్సిలోనాలో ఫాదర్ గాబ్రియేల్ కాల్వో 28 జంటలను వారాంతంలో ఒకచోట కూర్చోబెట్టి, ఒకరితో ఒకరు మాట్లాడుకొనేటట్లు చేశారు. ఈనాడు మ్యారేజ్ ఎన్‌కౌంటర్ అని మనం వింటున్నది అక్కడ మొదలైందే. 2016లో ఫ్రాన్సిస్ పాపుగారు కుటుంబ ప్రేమపై రాసిన ఉపదేశంలో కూడా, ప్రేమకు సమయం కావాలనీ, తొందర లేకుండా మాట్లాడుకోవాలనీ చెప్పారు.

సరే, ఎక్కడికి వెళ్లాలి? 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలోనివి. అందుకేనేమో మన చూపు ఎప్పుడూ కొండల వైపే. కానీ నల్లమలలో పుట్టి కంభం చెరువు నింపే గుండ్లకమ్మ చివరకు ఒంగోలు వైపు సాగి బంగాళాఖాతంలోనే కలుస్తుంది. మన నీళ్లు చేరే చోటును మనలో చాలామంది చూడలేదు. ఒంగోలు దాకా బస్సులో వెళితే అక్కడి నుండి కొత్తపట్నం తీరం 20 కిలోమీటర్ల లోపే. లేదా బాపట్ల వెళ్లండి. సూర్యలంక అక్కడికి 9 కిలోమీటర్లు. అక్కడ పర్యాటక శాఖ వారి గదులున్నాయి. గుడారం వేయాలంటే ముందుగా అక్కడివారిని అడిగి, ఒప్పుకున్న చోటనే వేయండి. ఒప్పుకోకపోతే గది తీసుకోండి, పట్టుదలకు పోవద్దు. కార్తీక పౌర్ణమికి వెళ్లవద్దు, జనం క్రిక్కిరిసి ఉంటారు. తుఫాను రోజుల్లో అసలే వద్దు. కంభం చెరువులో ఈదినవాడిని కదా అని లోతుకు పోయే మగవారికి ఒక మాట: చెరువు నీరు కదలదు, సముద్రం కాళ్ల కింది ఇసుకనే లాగేస్తుంది. మోకాలి లోతు దాటవద్దు.

ఇక వంట. ఆ రెండు రోజులూ భర్తే చేయాలి! నవ్వకండి. తిబెరియా సరస్సు ఒడ్డున రాత్రంతా వలలు వేసి అలిసి వచ్చిన శిష్యుల కోసం బొగ్గుల నిప్పు రాజేసి, చేపలు కాల్చి, రొట్టె సిద్ధం చేసి, వచ్చి భుజించండి అన్నది ఉత్థాన ప్రభువే. ఆయన చేసిన పని మనకు చిన్నతనమెలా అవుతుంది?

మొదటి రాత్రి మీకు మాటలు దొరకకపోవచ్చు. అప్పు సంగతి, ఆడపడుచు సంగతి తప్ప ఏమీ తోచకపోవచ్చు. కంగారు పడకండి. ఫోను కట్టేసి, ఇద్దరూ కలిసి జపమాల చెప్పుకోండి. తోబియా, సారా పెళ్లినాటి రాత్రి చేసిన ప్రార్థన తోబీతు గ్రంథంలో ఉంది, ఒకరు చదవండి, ఒకరు వినండి. ఆ తరువాత ఊరికే కూర్చోండి. ఎప్పుడో అనుకుని అనలేకపోయిన మాట ఒకటి ఇద్దరిలో ఎవరికో గుర్తొస్తుంది. అది ఫిర్యాదే కావచ్చు. అది వినండి, వెంటనే జవాబు చెప్పకండి. దంపతులు ఒకరినొకరు దూరం పెట్టవద్దనీ, ప్రార్థన కోసం ఇద్దరూ ఒప్పుకుని కొంతకాలం విడిగా ఉన్నా మళ్లీ కలుసుకోవాలనీ పౌలు గారు కొరింతువారికి రాశారు. ఇంతకంటే విడమరచి చెప్పనక్కరలేదు.

చివరగా ఇంటి పెద్దలకు. అత్తయ్యలారా, మామయ్యలారా, ఈ పని మీ చేతుల్లో ఉంది. కోడలు ఇల్లు విడిచి షికారుకు పోయిందని వాకిట్లో ఎవరైనా అంటే, నేనే పంపానని చెప్పండి. గేదెకు మేత వేయండి, పిల్లలకు రెండు పూటలా వండి పెట్టండి. శుక్రవారం పొద్దున బస్సు ఎక్కించండి. ఆదివారం పూజకు పిల్లలకు తలదువ్వి మీరే తీసుకురండి. వాళ్లు బస్సు దిగి నేరుగా గుడి దగ్గరికే వస్తారు.