కొయ్య స్వభావము – మన సంకల్పము

వస్తువు స్వభావము ఒకటియు, మన సంకల్పము మరియొకటియు అయినపుడు ఏది దేనికి లోబడవలెను? ఈ ప్రశ్న వేదాంతగోష్ఠులకు మాత్రమే చెందినదని సాధారణముగా తలంతుము. కాని కొయ్యపై బొమ్మ చెక్కి అచ్చు వేయు పనివాడు ప్రతిదినము దీనికి సమాధానము చెప్పుచునే యున్నాడు. ఆ సమాధానమును శ్రద్ధతో వినినచో, మన గృహములలో నిత్యము జరుగుచున్న యొక వివాదమునకు కొంత వెలుగు లభించునని మా విశ్వాసము.

కృష్ణా జిల్లాలో బందరునకు సమీపమున నున్న పెడనలో కలంకారీ అద్దకమునకు టేకు అచ్చులు వాడుదురు. గీతలకొక అచ్చు, రంగులకు వేరువేరు అచ్చులు. ఇవి ఒకదానిపై నొకటి సరిగా కుదిరినగాని పువ్వు పువ్వుగా కనబడదు. పచ్చికొయ్యలో నీరుండును. ఆ నీరు ఆరునపుడు కొయ్య కుంచించుకొనును. అదియు అన్ని వైపుల ఒకే తీరున కాదు. చెట్టు వలయముల వెంబడి కలుగు సంకోచము, నడిబొడ్డునుండి బెరడువైపు కలుగు సంకోచమునకు ఇంచుమించు రెట్టింపు. కావున తొందరపడి పచ్చికొయ్యను చెక్కినచో అచ్చు వంకరపోవును, లేదా బీటవారును. చెక్కినవాని నేర్పు ఎంతటిదైనను ఆ బీటను ఆపజాలదు. అందుచేత కొయ్యను ఎంచువాడు మొదట చేవ చూచును, ముడులు చూచును, పోగుల వాలు చూచును. పిదప ఆరుటకు కాలమిచ్చును. ఈ నిరీక్షణ సోమరితనము కాదు; పనిలో మొదటి భాగము.

జపాను దేశమున 1765వ సంవత్సరము మొదలు సుజుకీ హరునోబు మున్నగు చిత్రకారుల బొమ్మలు అనేక వర్ణములతో అచ్చుపడసాగెను. అచటి శిల్పులు అడవి చెర్రీ కొయ్యను ప్రీతితో ఎన్నుకొనిరి. అది గట్టిది, దాని పోగు సన్నము, సమము, సన్నని గీతయు విరుగక నిలుచును. చిత్రకారుడు పలుచని కాగితముపై వ్రాసిన బొమ్మను పలకపై బోర్లించి అంటింతురు. పలక పొడుగునకు కోసినది గనుక, పోగు వెంబడి చీలుట దాని స్వభావము. ఇది యెరిగిన శిల్పి మొదట కత్తితో గీత అంచును తెగగోసి, పిదపనే చుట్టునున్న చెక్కను ఉలితో తొలగించును. అంతేకాదు, కొన్ని ముద్రణలలో కొయ్య పోగుల చారలనే నీటి అలలుగను, ఆకాశపు చాయలుగను కనబడునట్లు అచ్చు వేసిరి. మరుగుపరచవలసిన గుణమని ఇతరులు తలంచు దానినే వారు చిత్రమున చేర్చుకొనిరి.

ఇంగ్లండు దేశమున న్యూకాసిల్ పట్టణమందు పనిచేసిన టామస్ బ్యూయిక్ (1753–1828) వేరొక త్రోవ త్రొక్కెను. పక్షుల ఈకలలోని మృదుత్వమును చూపుటకు ఆయనకు అతిసూక్ష్మమైన గీతలు కావలెను. ఆ గీతలు అన్ని దిక్కులకును పోవలెను. పలక పొడుగున పోగు అడ్డుపడును. అందుచేత బాక్సు అను చెట్టు మానును అడ్డముగా కోసి, పోగుల కొనలు పైకి వచ్చు ముఖముమీద చెక్కెను. ఆ ముఖమున పనిముట్టు ఎటు త్రిప్పినను చీలిక లేదు. ఈ పద్ధతిని కనిపెట్టినవాడు ఆయన కాకున్నను, దానిని కళగా నిలిపినవాడాయనయే. కాని బాక్సు మాను సన్ననిది. కావున దిమ్మలు చిన్నవి. ఆయన ఆ చిన్నతనమును అంగీకరించి, అరచేతిలో పట్టు బొమ్మలో ఒక లోకమును చూపెను. 1790లో వెలువడిన జంతువుల గ్రంథమును, 1797లో వెలువడిన పక్షుల గ్రంథపు మొదటి సంపుటమును ఇందుకు సాక్ష్యములు.

ఈ మూడు చోట్లను పనివాడు తన సంకల్పమును విడిచిపెట్టలేదు, కొయ్యను బలాత్కరింపనులేదు. ఒకడు కాలమిచ్చెను, ఒకడు అంచు ముందు కోసెను, ఒకడు దిమ్మను త్రిప్పి పట్టెను. స్వభావమును తెలిసికొనుట సంకల్పమునకు ఓటమి కాదు. అది సంకల్పము ఫలించుటకు మార్గము.

ఇక మన యిండ్లకు వత్తము. “మొక్కై వంగనిది మానై వంగునా” అను సామెతను పిల్లలను పెంచుటకు మంత్రమువలె వాడుచున్నాము. వంగదీయు చేతినే ఈ సామెత తలంచినది. మొక్క యే మొక్కయో అడుగలేదు. కుమారుడు ఇంజనీరు కావలెననియు, కుమార్తె ఫలానా యింటి కోడలు కావలెననియు, వారి మనస్సు ఎటు వాలుచున్నదో చూడకమునుపే నిశ్చయింతుము. పిదప బీట కనబడినపుడు బిడ్డను నిందింతుము. కొయ్యను చూడకయే బొమ్మ గీసి, పచ్చిగా చెక్కి, పగిలిన తరువాత చెట్టును తిట్టు శిల్పిని లోకము నవ్వదా?

“అట్లయిన శిక్షణయే వలదా?” యని కొందరు ప్రశ్నింపవచ్చును. చెక్కని కొయ్య అచ్చు కాజాలదు, శిక్షణ వలయును. కాని పదును లేని ఉలి కోయదు, పోగును నలిపి చించును. కోపముతోను, అవమానముతోను చేయు శిక్షణ మొద్దు ఉలియే. పదునైన ఉలికి తక్కువ బలము చాలును. తెలివిగల తల్లిదండ్రులకు తక్కువ దండనము చాలును.

అయినను ఈ పోలికను ఇంతకుమించి సాగదీయరాదు. శిల్పి తనకు నచ్చని కొయ్యను ప్రక్కకు నెట్టి వేరొకటి తెచ్చుకొనును; అందు దోషము లేదు. తల్లిదండ్రులకు ఆ హక్కు లేదు. మరియు కొయ్యకు తన బొమ్మ యేదో చెప్పుటకు నోరు లేదు. పోగును చూచి శిల్పి ఊహించుకొనవలసినదే. బిడ్డకు నోరున్నది. నోరు లేని కొయ్య స్వభావమును తెలిసికొనుటకు అన్ని నెలలు వేచియుండు మనుష్యుడు, నోరున్న బిడ్డను ఒక్కమాట అడుగుటకు ఏల జంకవలెను? సంబంధము నిశ్చయించుటకు ముందు, చదువు నిర్ణయించుటకు ముందు, ఆ మాట అడుగుట ప్రతి గృహస్థునకును కర్తవ్యము. వచ్చిన సమాధానము మన గీతకు సరిపడనిచో, మొదట మార్చవలసినది మన గీతను.