భద్రత ఎవరికి?

విదేశీ యంత్రాలను మన టెలిఫోను వ్యవస్థలో పెట్టుకోవచ్చునా, కూడదా అన్నది పైకి ఇంజనీర్ల ప్రశ్నలాగా కనిపిస్తుంది. నేను ఇంజనీరును కాను. అయినా దీన్ని గురించి రాయటానికి పూనుకున్నానంటే, ఇందులో ఇంజనీర్లకు మాత్రమే వదిలెయ్యరాని నైతిక ప్రశ్న ఒకటి ఉన్నది గనక. ఎవరిని నమ్మాలి, ఎవరిని అనుమానించాలి, ఆ నిర్ణయం ఎవరు చెయ్యాలి, దాని బరువు ఎవరు మొయ్యాలి? వీటికి జవాబులు యంత్రాల పుస్తకాలలో దొరకవు.

ముందు జరిగిందేమిటో చూద్దాం. 2018 ఆగస్టులో ఆస్ట్రేలియా తన 5జీ వ్యవస్థలో చైనా సంస్థలైన హువావే, జడ్‌టీఈలకు తావు లేకుండా చేసింది. 2019 మే నెలలో అమెరికా హువావేను ఆంక్షల జాబితాకు ఎక్కించింది. 2020 జూలైలో బ్రిటన్, 2027 ఆఖరుకల్లా 5జీ నుంచి హువావే పరికరాలన్నిటినీ తొలగించాలన్నది. భారత ప్రభుత్వం ఏ దేశం పేరూ ఎత్తకుండా, 2021 జూన్ 15 నుంచి ‘నమ్మకమైన మూలాల’ పరికరాలనే కొత్తగా కలుపుకోవాలని టెలిఫోను కంపెనీలను ఆదేశించింది. గల్వాన్ లోయలో మన సైనికులు చనిపోయి అప్పటికి సరిగ్గా ఏడాది. పేరు ఎత్తకపోయినా ఎవరిని గురించో అందరికీ తెలుసు.

దీన్ని గురించి మన మిత్రులలో రెండు అభిప్రాయాలున్నాయి. ఇదంతా మార్కెట్ల కోసం అమెరికా పెట్టుబడి ఆడించే నాటకమనీ, భద్రత అనేది వట్టి సాకనీ కొందరంటారు. దేశ భద్రత మాట వచ్చిన తరువాత ఇక వాదమేమిటని మరి కొందరంటారు. ఈ రెండూ మనని ఆలోచించకుండా చేసే అభిప్రాయాలేనని నా నమ్మకం.

మొదటి వారికి నేను చెప్పేదేమిటంటే, ఈ భయం వట్టి భ్రమ కాదు. టెలిఫోను ఎక్స్ఛేంజిని కొనటం నీళ్ల పంపును కొనటం వంటిది కాదు. పంపును విప్పి చూస్తే లోపల ఏమున్నదీ మన ఊరి మెకానిక్కుకు తెలుస్తుంది. నేటి ఎక్స్ఛేంజి ఒక కంప్యూటరు. దాన్ని నడిపించేది లక్షలాది పంక్తుల ప్రోగ్రాము. అమ్మినవాడు ఆ ప్రోగ్రాములో మార్పులు పంపుతూనే ఉంటాడు, మరమ్మతులు చూస్తూనే ఉంటాడు. అంటే కొన్నవాడు డబ్బంతా చెల్లించిన తరువాత కూడా, ఆ యంత్రం పని చేసినన్నాళ్లూ అమ్మినవాణ్ణి నమ్మవలసిందే. ఇక చైనా 2017లో చేసుకున్న గూఢచార చట్టంలోని 7వ అధికరణం, ఆ దేశపు సంస్థలూ పౌరులూ గూఢచార కార్యకలాపాలకు సహకరించాలని నిర్దేశిస్తున్నది. కంపెనీ ఎంత నిజాయితీ గలదైనా, దాని వెనక అటువంటి చట్టం నిలబడి ఉన్నప్పుడు కొనేవాడు జంకటం సహజమే. చైనా మీద మనకుండే అభిమానం కొద్దీ ఈ సంగతిని దాటవెయ్యటం శాస్త్రీయ దృష్టి అనిపించుకోదు.

రెండవ వారికి చెప్పవలసింది ఇంకా ఎక్కువ ఉన్నది. క్రిప్టో ఏజీ అని స్విట్జర్లాండులో ఒక కంపెనీ ఉండేది. రహస్య సందేశాలను సంకేత భాషలోకి మార్చే యంత్రాలు చేసి నూటికి పైగా దేశాల ప్రభుత్వాలకు అమ్మింది. స్విట్జర్లాండు తటస్థ దేశం గదా అని అందరూ కొన్నారు. కొన్నవారిలో భారతదేశమూ ఉన్నది, పాకిస్తానూ ఉన్నది. 1970 నుంచి ఆ కంపెనీ రహస్యంగా అమెరికా గూఢచారి సంస్థ సీఐఏకూ, పశ్చిమ జర్మనీ గూఢచారి సంస్థకూ ఉమ్మడి సొత్తు. వారికి అనువుగా యంత్రాలను లోపాలతో తయారు చేసేవారు. ఈ సంగతి 2020 ఫిబ్రవరిలో పత్రికల ద్వారా బయటపడింది. అంతకు ముందే, 2013లో స్నోడెన్ బయటపెట్టిన పత్రాలు అమెరికా ప్రపంచాన్నంతా ఎట్లా వింటున్నదో చూపించినై. హువావే సొంత కంప్యూటర్లలోకే అమెరికా చొరబడిందని 2014 మార్చిలో ఆ పత్రాల వల్లనే తెలిసింది. చైనా చేస్తుందని అమెరికా భయపడుతున్నది అమెరికా తాను స్వయంగా చేసిన పనే.

‘చూశారా, మేము చెప్పలేదా!’ అని మొదటి వారు సంబరపడనక్కర లేదు. ఒక దొంగ ఇంకొకణ్ణి దొంగ అన్నంతమాత్రాన ఆ రెండోవాడు దొర కాడు. క్రిప్టో కథ నుంచి నేర్చుకోవలసింది, యంత్రం మీద ఉన్న జెండా యంత్రం లోపల ఉన్న దానికి సాక్ష్యం కాదని. శత్రువు యంత్రాన్ని అనుమానించటానికి ఉన్న కారణమే మిత్రుడి యంత్రాన్ని అనుమానించటానికీ ఉన్నది.

ఈ విషయం మాట్లాడుతూ ఉంటే ఒక విద్యార్థి నన్ను మంచి ప్రశ్నే అడిగాడు: ‘మాస్టారూ, పుట్టుకను బట్టి మనిషిని అనుమానించటం అన్యాయమంటారు మీరు. పుట్టిన దేశాన్ని బట్టి యంత్రాన్ని అనుమానించటం న్యాయం ఎట్లా అవుతుంది?’ యంత్రానికి మానాభిమానాలు లేవు. దాన్ని ఎంత అనుమానించినా దానికి అన్యాయం జరగదు. కాని ఆ అబ్బాయి ప్రశ్న కొట్టివెయ్యదగింది కాదు. యంత్రం మీద మొదలైన అనుమానం మనిషి మీదికి పాకటానికి ఎంతో కాలం పట్టదు. 1962లో చైనాతో యుద్ధం నెల రోజులు జరిగింది. అస్సాంలోనూ, డార్జిలింగు, షిల్లాంగు ప్రాంతాలలోనూ తరతరాలుగా బతుకుతున్న చైనా సంతతివారిని సుమారు మూడు వేలమందిని మన ప్రభుత్వం పట్టుకుపోయి రాజస్థానులోని దేవ్‌లీ శిబిరంలో బంధించింది. వారిలో కొందరు, తేయాకు తోటలలో పని చెయ్యటానికి తెల్లవాళ్లు తెచ్చిన కూలీల వారసులు. వారి మీద నేరారోపణ లేదు, విచారణ లేదు. యుద్ధం ముగిసిన తరువాత కూడా చాలామంది ఏళ్ల తరబడి అక్కడే మగ్గారు. భద్రత పేరిట జరిగిన ఈ పనిని మన పాఠ్యపుస్తకాలు చెప్పవు. యంత్రాలను అనుమానించేటప్పుడు దేవ్‌లీని గుర్తుంచుకోవటం మన విధి.

అయితే అనుమానాన్ని ఏ దారిన నడిపించాలి? ఒక దారి, యంత్రాన్ని తెరిచి చూడటం. బ్రిటన్ ఆ పని కొంతకాలం చేసింది. 2010లో బాన్‌బరీ అనే ఊళ్లో హువావే ఖర్చుతోనే ఒక పరీక్షా కేంద్రం పెట్టి, దాని పని మీద ఏటేటా నివేదికలు ప్రచురించింది. 2019 నివేదిక ఆ కంపెనీ ప్రోగ్రాములలో తీవ్రమైన లోపాలున్నాయన్నది. అవి చైనా ప్రభుత్వం కావాలని చొప్పించినవి కావనీ, నాసిరకం పనితనం వల్ల వచ్చినవనీ కూడా అన్నది. 2020 జనవరిలో బ్రిటన్ హువావేను పరిమితంగా అనుమతించింది. ఆ మే నెలలో హువావేకు చిప్పులు అందకుండా అమెరికా కొత్త ఆంక్షలు పెట్టింది. జూలై కల్లా బ్రిటన్ మాట మార్చింది. ఆ ఆంక్షల వల్ల పరికరాలు ఇకముందు ఎట్లా తయారవుతాయో తెలియకుండా పోయిందని కారణం చెప్పింది. పదేళ్లపాటు యంత్రాన్ని విప్పి చూసినవారి మాట కంటె వాషింగ్టన్‌లో జరిగిన నిర్ణయానికే బలం ఎక్కువైంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. గ్రీసు దేశంలో 2004 ఒలింపిక్స్ నాటి నుంచి నెలల తరబడి, ప్రధానమంత్రితో సహా వందమందికి పైగా ప్రముఖుల ఫోన్లను ఎవరో రహస్యంగా విన్నారు. అక్కడి ఎక్స్ఛేంజి స్వీడన్ కంపెనీ ఎరిక్సన్ చేసింది. పోలీసులు చట్టప్రకారం ఫోన్లు వినటానికి వీలుగా ఆ యంత్రంలో ఒక ఏర్పాటు ఉన్నది. చొరబడినవారు ఆ ఏర్పాటునే వాడుకున్నారు. 2024లో అమెరికాలోనూ ఇదే జరిగింది. చైనాకు చెందినవారని అమెరికా చెబుతున్న చొరబాటుదారులు అక్కడి పెద్ద పెద్ద టెలిఫోను కంపెనీలలోకి ప్రవేశించారు. కోర్టు ఉత్తర్వుల మీద ఫోన్లు వినటానికి ఉద్దేశించిన భాగాలకు కూడా వారి చెయ్యి తగిలింది. హువావేకు ముందు తలుపు మూసినంతమాత్రాన చాలలేదు. తన ప్రజలను వినటానికి ప్రభుత్వం గోడకు పెట్టుకున్న కంత పరాయివాడికి కూడా దారి అయింది.

మన దేశంలో ఈ కంత చరిత్ర పాతది. 1885లో బ్రిటిషువాళ్లు చేసిన టెలిగ్రాఫు చట్టం, ప్రజల సందేశాలను అడ్డగించి చూసే అధికారాన్ని ప్రభుత్వానికిచ్చింది. స్వతంత్రం వచ్చినా ఆ అధికారం పోలేదు. 1996లో సుప్రీంకోర్టు దానికి కొన్ని హద్దులు గీసింది గాని, ఫోను వినటానికి న్యాయమూర్తి అనుమతి కావాలనలేదు. హోంశాఖ కార్యదర్శి ఉత్తర్వు చాలు. దాన్ని సమీక్షించేది కూడా అధికారులే. 2023 టెలికం చట్టం ఆ అధికారాన్ని అట్లాగే కొనసాగించింది. 2021లో పెగాసస్ గొడవ వచ్చింది. ప్రభుత్వాలకు మాత్రమే అమ్ముతామని దాన్ని తయారు చేసిన ఇజ్రాయెల్ కంపెనీయే చెబుతుంది. మన ప్రభుత్వం దాన్ని కొన్నామనీ అనలేదు, కొనలేదనీ అనలేదు. సుప్రీంకోర్టు వేసిన సంఘానికి ప్రభుత్వం సహకరించలేదని 2022లో కోర్టులోనే వెల్లడైంది. తెలంగాణలో రాజకీయ ప్రత్యర్థుల ఫోన్లను పోలీసు గూఢచార విభాగమే విన్నదన్న ఆరోపణ మీద 2024లో కేసు నమోదై అధికారులు అరెస్టయ్యారు. తీర్పు చెప్పటం కోర్టు పని. కాని ఒకటి గమనించండి. ఆ ఆరోపణలో యంత్రం ఏ దేశానిదన్న ప్రశ్నే లేదు.

ఇక ఖర్చు సంగతి. స్వావలంబన మంచిదే. 1984లో స్థాపించిన సీ-డాట్ మన ఎండకూ దుమ్ముకూ తట్టుకుని, శీతల గదులు అక్కరలేని గ్రామీణ ఎక్స్ఛేంజిలను తయారు చేసింది. అది ప్రభుత్వరంగం చేసిన ఘనమైన పని. కాని 2020లో ఏం జరిగింది? ప్రైవేటు కంపెనీలు అప్పటికే విదేశీ యంత్రాలతో 4జీ నడుపుతున్నాయి. బీఎస్ఎన్ఎల్‌ను మాత్రం చైనా పరికరాలు కొనవద్దని, స్వదేశీ యంత్రాలు తయారయ్యేదాకా ఆగమన్నారు. దాని స్వదేశీ 4జీని దేశమంతటా ప్రారంభించటం 2025 సెప్టెంబరులో గాని జరగలేదు. 2021 ఆదేశమేమో, అప్పటికే ఉన్న పరికరాలను తొలగించనక్కర లేదన్నది. ప్రైవేటు టవర్ల మీది పాత పరికరాలను ఉండనిచ్చిన భద్రత, ప్రభుత్వరంగాన్ని మాత్రం ఐదేళ్లు నిలబెట్టింది. ఆ ఐదేళ్లలో సిగ్నలు లేక అవస్థపడింది బీఎస్ఎన్ఎల్ తప్ప మరో దిక్కు లేని మారుమూల పల్లెలు.

కనుక విదేశీ యంత్రాలను అనుమానించవద్దని నేననను. ఆ అనుమానాన్ని సగంలో ఆపవద్దంటాను. ఏ దేశపు యంత్రమైనా, స్వదేశీదైనా, ఒకే పరీక్షకు నిలబడాలి. ఆ పరీక్షల ఫలితాలు ప్రజలకు తెలియాలి. న్యాయమూర్తి ఉత్తర్వు లేనిదే ఏ పౌరుడి మాటా ప్రభుత్వం వినరాదు. స్వావలంబన భారాన్ని ప్రభుత్వరంగం నెత్తిన మాత్రమే రుద్దకుండా ప్రైవేటు పెట్టుబడి చేత కూడా మోయించాలి. ఇవేవీ లేకుండా విదేశీ యంత్రాన్ని మాత్రం తీసేస్తే, మన మాటలు పొంచి వినేవాడి చిరునామా మారుతుంది, అంతే. దేశ భద్రత అన్న మాట వినబడినప్పుడు విద్యార్థులూ ఉపాధ్యాయులూ చేతులు కట్టుకుని నిలబడనక్కర లేదు. ఆ భద్రత ఎవరి నుంచి, ఎవరికి, ఎవరి ఖర్చుతో అని అడిగి, జవాబు వచ్చేదాకా అడుగుతూ ఉండటం కూడా దేశభక్తే.