పాటిమన్ను

ఒక ఊరు పోయిందని ఎప్పుడనాలి? గోడలు కూలినప్పుడా, మనుషులు వెళ్ళిపోయినప్పుడా, ఆ చోటును పేరుపెట్టి పిలిచే చివరి మనిషి కన్నుమూసినప్పుడా? శంషాబాద్ మీదుగా వెళ్ళిన ప్రతిసారీ ఈ ప్రశ్న నన్ను పట్టుకుంటుంది. ఇక్కడ సుమారు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం వెలిసింది. 2005 మార్చిలో శంకుస్థాపన, 2008 మార్చి 23 నుంచి విమానాల రాకపోకలు. మూడేళ్ళలో గట్లూ చెలకలూ చదునై, 4,260 మీటర్ల రన్‌వే పరుచుకుంది. ఏ చెలక ఎవరిదో, ఏ కుంటను ఏమని పిలిచేవారో చెప్పగల పెద్దవాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఇంకో తరానికి ఉండరు.

మాయమైన మహానగరాలంటే మనకు చెప్పలేనంత మోజు. సముద్రంలో మునిగిన అట్లాంటిస్, ఆకాశం నుంచి దిగివచ్చి గోపురాలు కట్టిపోయిన దేవతలు... ఇలాంటి కథలు ఎన్ని విన్నా తనివి తీరదు. నాకు మాత్రం పాత నగరాల కట్టడంలో అంతుపట్టని రహస్యమేదీ కనిపించదు. మనుషులే కట్టారు, చెమటోడ్చి కట్టారు. నన్ను కలవరపెట్టేది మరుపు. అంతంత పెద్ద నగరాలను, వాటి పక్కనే కాపురాలు చేస్తూ, జనం ఎలా మరిచిపోగలిగారు?

హరప్పా సంగతే చూడండి. 1850లలో లాహోర్, ముల్తాన్‌ల మధ్య రైలుమార్గం వేస్తున్నవాళ్ళకు కంకర కావలసివచ్చింది. దగ్గర్లో ఉన్న దిబ్బల్లో చక్కగా కాలిన ఇటుకలు దొరికాయి. వేల ఏళ్ళనాటి నగరం రైలుపట్టాల కిందికి పోయింది. అదొక మహా నాగరికత అని పురావస్తు శాస్త్రవేత్త జాన్ మార్షల్ ప్రపంచానికి చెప్పింది 1924లో. ఆ నగరవాసుల లిపిని ఈనాటికీ ఎవరూ చదవలేకపోయారు.

అంత దూరం పోనక్కర్లేదు. తెలంగాణ పల్లెల్లో ఊరి బయట పాటిగడ్డ అని ఒకటి ఉంటుంది. ఒకప్పుడు ఊరుండి పాడుబడ్డ చోటు. అక్కడి బూడిద, పెంట, ఎముకలు వందల ఏళ్ళు మాగి మంచి ఎరువవుతాయి. ఎండాకాలం వస్తే రైతులు బండ్లు కట్టుకుపోయి ఆ పాటిమన్ను తవ్వి తెచ్చి పొలాల్లో చల్లుకునేవారు. గట్టి వాన పడ్డాక అక్కడే కుండపెంకులు, పూసలు, ఒక్కోసారి సీసపు నాణేలు తేలేవి. ఈ రైతును నేను తప్పుపట్టను. తాతల ఊరి మట్టి మనవల పొలానికి బలమవడంలో ఒక న్యాయముంది. అయితే బండి వెనక బండి కదిలేకొద్దీ ఆ ఊరి కథ పుట పుటగా చిరిగిపోయిన మాటా నిజమే.

సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో ఉన్నదీ అలాంటి గడ్డే. 1940ల మొదట్లో గులాం యజ్దానీ నాయకత్వంలో నిజాం ప్రభుత్వ పురావస్తుశాఖ అక్కడ తవ్వింది. శాతవాహనుల నాణేలు, నాణేలు పోసే అచ్చులు, మట్టిబొమ్మలు, పూసలు బయటపడ్డాయి. అంటే అక్కడొక టంకశాల నడిచింది, ఊరు వ్యాపారంతో కళకళలాడింది. ఇంత తెలిసినా ఆ నగరం అసలు పేరు రూఢిగా తేలలేదు. ఆంధ్రులకు ప్రాకారాలున్న పట్టణాలు ముప్పై ఉన్నాయని రోమన్ రచయిత ప్లినీ రాసిపెట్టాడు. ధూళికట్ట, పెద్దబంకూరు, కోటిలింగాల, ధాన్యకటకం... మనం తడుముకుంటూ లెక్కపెడుతున్నాం. ముప్పైకి ఇంకా చాలా దూరంలో ఉన్నాం.

వీటన్నిటిలో నా మనసు ఎక్కువగా తిరిగేది విజయపురి చుట్టూ. శంషాబాద్ నుంచి ఒక పూట ప్రయాణం. మూడువైపులా నల్లమల కొండలు, నాలుగోవైపు కృష్ణ, నడుమ ఇక్ష్వాకుల రాజధాని. మూడో శతాబ్దంలో వీరపురుషదత్తుడి కాలాన బోధిశ్రీ అనే ఉపాసిక అక్కడ ఒక చైత్యగృహం కట్టించి, దాన్ని తామ్రపర్ణి, అంటే సింహళ, ఆచార్యులకు అంకితమిచ్చింది. ఆ ఆచార్యులు ధర్మం వైపు తిప్పిన దేశాలంటూ ఆమె శాసనం కాశ్మీరం, గాంధారం, చీనా, వంగం, వనవాసి, యవనం అని వరసగా చెబుతుంది. విమానాశ్రయంలో బయల్దేరే విమానాల బోర్డు చూస్తున్నప్పుడు నాకు ఆ వరస గుర్తొస్తుంది. తెలుగు నేల ప్రపంచంతో మాట్లాడడం మనతో మొదలు కాలేదు. ఒక గృహిణి తన దానశాసనంలో చీనా పేరు చెక్కించిన కాలం ఉంది. ఆ నగరం కూడా అడవి కిందికి పోయి, వందల ఏళ్ళు ఎవరికీ పట్టకుండా ఉంది.

మళ్ళీ దొరికింది 1926లో. సూరపరాజు వెంకటరామయ్య అనే స్థానిక బడిపంతులు ఒక పాత స్తంభం చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. పురావస్తు శాస్త్రవేత్త లాంగ్‌హర్స్ట్ తవ్వకాలు జరిపారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. విజయపురి ఉన్న లోయంతా మునుగుతుందని అప్పటికే తెలుసు. అందుకే 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయను గాలించారు. పాతరాతియుగపు పనిముట్ల నుంచి విహారాలు, రాజభవనం, మెట్ల ఆసనాల రంగస్థలి దాకా అన్నిటినీ కొలిచారు, గీశారు, ఫొటోలు తీశారు. కొన్ని కట్టడాలను ఊడదీసి పక్కనున్న కొండమీదికీ, అనుపు అనే చోటికీ చేర్చి తిరిగి నిలబెట్టారు. మిగతాది నీటిపాలైంది.

అది తప్పా ఒప్పా అని చాలాకాలం తర్జనభర్జన పడ్డాను. ఆ నీళ్ళతో పండిన అన్నం తిన్నవాణ్ణి, తప్పనే నోరు నాకు రాదు. విజయపురి రెండుసార్లు పోయింది. మొదటిసారి మరుపువల్ల, రెండోసారి మన నిర్ణయంవల్ల. రెండోసారి పోయినప్పుడు దాని పేరు, ప్లాను, శాసనాలు మన దగ్గరే మిగిలాయి. ముంచక తప్పనప్పుడు ముందుగా రాసిపెట్టుకోవడం కనీస మర్యాద. 1950లలో ఒక పేద దేశం ఆ మర్యాద పాటించింది.

ఇప్పుడు అవుటర్ రింగ్‌రోడ్డు పక్కన ఏ పునాది తీసినా, ఏ దిబ్బ చదును చేసినా ఆ మర్యాద ఎక్కడా కనబడదు. ఎద్దులబండి ఏళ్ళ తరబడి తవ్విన మట్టిని జేసీబీ ఒక్క రాత్రిలో ఎత్తేస్తుంది. హైదరాబాద్‌లోనే, చైతన్యపురిలో, మూసీ ఒడ్డు బండమీద గోవిందరాజ విహారం పేరు చెప్పే ప్రాకృత శాసనం ఉంది. ఇళ్ళు చుట్టుముట్టినా ఆ బండ మిగిలింది కాబట్టి అక్కడొక విహారం ఉండేదని మనకు తెలిసింది.

మీ ఊళ్ళో పాటిగడ్డ ఎక్కడుందో ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. చెలకల పేర్లు, కుంటల పేర్లు, పాత ఊరి పేరు ఒక నోటుబుక్కులో రాసుకోండి. టిప్పర్లు రాకముందే ఫొటోలు తీసి, రాష్ట్ర పురావస్తుశాఖకు ఒక ఉత్తరం పంపండి. విజయపురి విషయంలో ఆ కబురు చేరవేసింది ఒక బడిపంతులే.