మిలేతులో మిగిలిపోయిన సహోదరుడు

ధ్యాన భాగము: 2 తిమోతి 4:9–22



పౌలు ఎఫెసులో పరిచర్య చేసిన దినములలో, ఆయన శరీరమునకు తగిలిన గుడ్డలను రోగులయొద్దకు తీసికొనిపోగా వారు బాగుపడిరని అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయములో చదువుచున్నాము. త్రోఫిము ఆ ఎఫెసువాడే. అయితే అతడు జబ్బుపడినందున మిలేతులోనే ఉంచి రావలసివచ్చెనని పౌలు తిమోతికి తెలియజేయుచున్నాడు. అదే అపొస్తలుడు, అదే దేవుడు. కొందరికి స్వస్థత వెంటనే కలిగెను. త్రోఫిము మంచముపై మిగిలిపోయెను. అతనికి విశ్వాసము చాలలేదని పౌలు ఒక్క మాటయు వ్రాయలేదు.

నేను మాత్రము అటువంటి మాట అంటిని. కనుక ఈ వర్తమానమును సిగ్గుతోనే వ్రాయుచున్నాను.

నా భార్యకు కీళ్ళవాతము వచ్చి పదునెనిమిది సంవత్సరములైనది. ఇది వయస్సు వలన కీళ్ళు అరుగుట కాదు. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే పొరబడి కీళ్ళమీద పడుట. తెల్లవారి లేచిన తరువాత గంటసేపు ఆమె వ్రేళ్ళు వంగవు. ఒక సంవత్సరము ఉపవాస కూటములు ముగిసిన పిమ్మట, "ఇంత ప్రార్థన చేసి ఇంకా మాత్రలు మింగుతావా? ఇది అవిశ్వాసం కాదా?" అని నేనే ఆమెతో అంటిని. ఆమె మారుమాట పలుకక మందులు మానివేసినది. రెండు నెలలు తిరుగకముందే మంచినీళ్ళ గ్లాసు పట్టుకొనలేకపోయినది. డాక్టరుగారు మరల మందులు మొదలుపెట్టిరి. వాపు తగ్గినది గాని, వంకరపోయిన రెండు వ్రేళ్ళు తిరిగి సరికాలేదు. ముప్పది యేండ్లు బడిలో పాఠములు చెప్పినవాడను, నా ఇంటిలో తప్పు పాఠము చెప్పితిని.

క్షమించుమని అడిగినప్పుడు ఆమె ఇట్లనెను: "దేవుడు బాగుచేస్తాడని నేను నమ్మటం ఏనాడూ మానలేదండీ. మాత్ర మింగేటప్పుడు కూడా ప్రార్థన చేసుకునే మింగుతాను."

ప్రియులారా, నిరీక్షణ అనగా ఇదియే. హిజ్కియాకు పదునైదేండ్ల ఆయుష్షు ఇచ్చెదనని దేవుడు వాగ్దానము చేసెను. అయినను అతని పుండుకు అంజూరపు పండ్ల ముద్ద వేయబడెను. తిమోతి కడుపు జబ్బునకు ఏమి పుచ్చుకొనవలెనో పౌలు పత్రికలోనే వ్రాసి పంపెను. నేటి ధ్యాన భాగములో పౌలునొద్ద మిగిలియున్నది ఎవరు? లూకా, వైద్యుడు.

మన ప్రాంతములనుండి చికిత్సకై వేలూరు వెళ్ళినవారు మనలో అనేకులున్నారు. అచ్చటి క్రైస్తవ వైద్య కళాశాలలో యువ వైద్యురాలుగానున్న మేరీ వర్గీస్‌గారు 1954లో కారు ప్రమాదమునకు గురై నడుము క్రిందిభాగము చచ్చుబడి, ఇక నడువలేకపోయిరి. అయినను చక్రాల కుర్చీలో కూర్చుండి కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసిరి. తరువాత అమెరికాలో పునరావాస వైద్యము అభ్యసించి, వేలూరులో ఆ విభాగమునకు నాయకత్వము వహించిరి. 1966లో అచ్చట పునరావాస కేంద్రము ప్రారంభమాయెను. ఆమె కోలుకొనలేదని చెప్పగలమా? కాళ్ళు రాలేదు గాని జీవితము తిరిగి వచ్చెను.

కనుక దీర్ఘవ్యాధితో బాధపడుచున్నవారలారా, స్వస్థత కొరకు అడుగుట మానవద్దు. దానికి తేదీ మాత్రము మీరు వేయవద్దు. డాక్టరును అడుగకుండ మందు ఆపవద్దు. నొప్పి లేకుండ నిద్రించిన ఒక్క రాత్రి కొరకైనను స్తోత్రము చెప్పుడి.

సంఘస్థులారా, సొంత ఊరికి, బంధువులకు దూరముగానున్న మన కుటుంబములలో రోగికి సంఘమే చుట్టము. "ఇంకా తగ్గలేదా?" అని అడుగుటకు బదులు, ఆసుపత్రి వరుసలో ఒక పూట వారికి బదులు నిలువుడి. కొంచెము చారన్నము తీసికొనిపోవుడి. నేను అన్నటువంటి మాట మీ నోట రానీయవద్దు.

మన శరీరములు సంపూర్ణముగా విమోచింపబడు దినమొకటి కలదు. ఆ దినమున త్రోఫిము లేచి నడచును. నా భార్య వ్రేళ్ళును చక్కబడును. అంతవరకు ప్రతి ఉదయము ఆమెకు మాత్రయు, మంచినీళ్ళును అందించు పని నాది.

ప్రభువు కృప మీకందరికి తోడైయుండును గాక. ఆమేన్.