అడిగిన గొంతు మీద తీర్పు

చిరంజీవి అల్లుడికి,



మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట నాకు మింగుడు పడలేదు. మీ స్టూడియోలో జానపదం పాడిన అక్క, వీడియోలో తన పేరెందుకు వేయలేదని నలుగురిలో నిలదీసిందట. "రెండు పాటలు హిట్టయ్యేసరికి నెత్తికెక్కింది మామా" అన్నావు. ఆమె అడిగింది న్యాయమేనా అంటే మాత్రం జవాబు చెప్పలేదు. అందుకే రాస్తున్నా.

2021 గుర్తుందా? ‘లవ్ స్టోరీ’ సినిమా నుంచి ‘సారంగదరియా’ వచ్చింది. సుద్దాల అశోక్ తేజ రాశారు, మంగ్లీ పాడింది, ఊరూరా అదే పాట. అప్పుడు మన వరంగల్ వైపు జానపద గాయని కోమలి, ఆ పాటను వెలుగులోకి తెచ్చింది తానేనని, సినిమాలో తనకు చోటివ్వలేదని అన్నది. ఇంకేముంది? జానపదం ఎవరి సొత్తని కొందరు, పక్కవాళ్లకు పేరొస్తే ఓర్వలేకపోతోందని కొందరు విరుచుకుపడ్డారు. ఆమెను పిలిచామని, రికార్డింగ్ సమయానికి ఆమె రాలేకపోయిందని సినిమా వాళ్లు చెప్పారు. అదీ వినాల్సిన మాటే. చివరికి దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపూ డబ్బూ ఇస్తామని ప్రకటించారు. ఆమె నోరు విప్పిన తర్వాతే ఆ ప్రకటన వచ్చింది.

జానపదం అందరిదీ అన్నది నిజమే. నాట్ల కాడ పుట్టిన పాటకు కర్త ఎవరని చెప్తాం? కానీ అందరిదైన పాట రికార్డు కాగానే, ఆ రికార్డు ఒక కంపెనీది అవుతుంది. దాన్ని ఎవరూ తప్పుపట్టరు. ముసలమ్మల నోటి నుంచి చరణం చరణం ఏరుకొని, పదిమంది ముందు పాడి బతికించినామె తన వాటా అడిగితే మాత్రం ఆశపోతు అంటారు. నాకు మనసు మండేది అక్కడే.

ఈ గొడవ కొత్తది కాదు. 1960ల్లో లతా మంగేష్కర్ గాయకులకూ రాయల్టీ కావాలన్నారు. పాడినందుకు డబ్బు ముట్టాక ఇంకేం అడుగుతామన్నది మహ్మద్ రఫీ వైఖరి. ఇద్దరూ కొన్నేళ్లు కలిసి పాడలేదు. రఫీ మంచితనాన్ని నేను శంకించను. కానీ అక్కడ తేలాల్సింది ఎవరు మంచివాళ్లన్నది కాదు. పాట అమ్ముడుపోయినన్నాళ్లూ వచ్చే డబ్బులో పాడినవాళ్లకు వాటా ఉందా లేదా అన్నది. 2012లో కాపీరైట్ చట్టాన్ని సవరించాకగానీ గాయకులకు ఆ హక్కు రాలేదు. అప్పటికి దాదాపు యాభై ఏళ్లు గడిచాయి.

గొంతెత్తిన ప్రతివాళ్లూ చెప్పిందల్లా ఒప్పేనని అనను. 2017లో తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా ఎస్పీ బాలుకు నోటీసు పంపినప్పుడు నాకూ కష్టమనిపించింది. స్నేహం దెబ్బతిన్నదని బాధపడొచ్చు. ఆ బాధతో ఇళయరాజాకు అడిగే హక్కే లేదంటే ఎట్లా?

మీ రంగంలో ఏం జరుగుతుందో నాకు తెలియనిది కాదు. టేక్ ఓకే అయ్యాక, ఆఖరి బస్సు దొరుకుతుందో లేదోనని ఆత్రంగా ఉన్నామె చేతికి కాగితం ఇచ్చి, "ఇక్కడ సంతకం పెట్టక్కా" అంటారు. సకల హక్కులూ శాశ్వతంగా ఇచ్చేశానని అందులో ఉంటుంది. రేపు తను పాడిన పాటే తన ఛానల్లో పెట్టుకుంటే కాపీరైట్ క్లెయిమ్ వచ్చి పడుతుంది. అప్పుడామె నలుగురిలో అరుస్తుంది. మీకు ఆ అరుపొక్కటే వినిపిస్తుంది. ఆమెకు పొగరని మీరు ముద్ర వేశాక, ఆమె వెనక వచ్చే చిన్నపిల్ల ఇక ఏమీ అడగదు, ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టి పోతుంది.

ఆ అక్క సంతకం పెట్టిన కాగితం తీసి మొదటి నుంచి చివరిదాకా నువ్వే చదువు. ఆమెకు నకలు ఇచ్చారా చూడు. వీడియో కింద ఆమె పేరూ, పాట దొరికిన ఊరి పేరూ లేకపోతే మీ ఓనర్‌తో మాట్లాడు. ఆయన వినకపోతే నాకు ఫోన్ చెయ్యి, నేనూ వచ్చి కూర్చుంటా.

మీ మామ