చావు వేళ నాట్యమా?

పక్కింట్లో శవం లేచేదాకా మనం టీవీ పెట్టం. కొన్ని ఊళ్లలో పొయ్యి కూడా వెలిగించరు. మరి 2020లో కరోనా వల్ల లోకమే చావు ఇల్లుగా మారిన వేళ, కొందరు నర్తకులు ఇళ్లలో నాట్యమాడి ఆ చిత్రాలను అందరికీ చూపారు. అది తగిన పనేనా?

ఆ ఏప్రిల్‌లో పారిస్ ఒపేరా బ్యాలే బృందంవారు, గడప దాటరాదన్న ఆంక్షల మధ్య, ఎవరి ఇంట్లో వారు ఆడి ఫోనుల్లో చిత్రించారు. సెడ్రిక్ క్లాపిష్ అనే సినీ దర్శకుడు వాటిని ఒకటిగా కూర్చాడు. వైద్యులకు, నర్సులకు కృతజ్ఞత చెప్పడం వారి ఉద్దేశం. మే నెలలో అమెరికా నర్తకి మిస్టీ కోప్‌లాండ్ పూనికతో 14 దేశాలలోని 32 మంది నర్తకీమణులు 'మరణించే హంస' ఆడి, పని కోల్పోయిన తోటి కళాకారుల కోసం విరాళాలు పోగుచేశారు.

రష్యాకు చెందిన ఫోకిన్, అన్నా పావ్‌లోవా కోసం కూర్చిన చిన్న నాట్యమది. నాలుగైదు నిమిషాలకు మించదు. హంస ఎగరాలని రెక్కలల్లార్చి, అలసి, నేలకు ఒరిగిపోతుంది. కథంతా అంతే. ఆ రోజుల్లో వేరే సరదా నాట్యం దొరకలేదా? దొరికేది. చావును దాచనిదాన్నే ఎన్నుకున్నారు. నన్ను ఆలోచింపజేసింది ఇదే. మన పల్లెల్లో శవయాత్ర ముందు డప్పు మోగదా? డప్పు కొట్టేవారు అడుగులు వేయరా? పాడె వెంట ఆడవారు రాగం తీసి ఏడవరా? అంటే మన ఆచారం అడ్డుకున్నది ఆటపాటలను కాదు, పక్కవాడి దుఃఖం పట్టని మనసును. ఆటగాళ్ల వృత్తి దానంతటది పాపం కాదని పునీత తోమాసు అక్వినాసుగారు 13వ శతాబ్దంలోనే రాశారు. మితం తప్పకూడదన్నారు, అంతే.

“నర్సుకు కావలసింది మాస్కు, విశ్రాంతి, సరైన జీతం. నాట్యమెందుకు?” అని మీరు అడగవచ్చు. సగం ఒప్పుకుంటాను. అవి ఇవ్వవలసిన ప్రభుత్వాలు, ఆస్పత్రుల యాజమాన్యాలు చేతులు దులుపుకుని, చప్పట్లతో సరిపెడితే అది అన్యాయమే. నర్తకుల దగ్గర ఉన్నది మాత్రం తమ దేహమే. దాన్నీ సులువుగా ఇవ్వలేదు. వేదికమీది చెక్కనేల కాస్త సాగి కాలిని కాపాడుతుంది. ఇంటి గచ్చుకు ఆ గుణం లేదు. కాలివేళ్ల కొసలమీద నిలబడే ఆటకు అది చోటు కాదు. అయినా సామాను ఓ పక్కకు జరుపుకొని ఆడారు.