గురువులకు గురువైనవారు నేర్వవలసిన పాఠము

ఎరుగకపోవుట దోషమగునా? నీతిశాస్త్రములో ఈ ప్రశ్న మిక్కిలి పాతది. తెలిసి చేసిన తప్పునకును తెలియక చేసిన తప్పునకును భేదము కలదని మోషే ధర్మశాస్త్రమే ఒప్పుకొనుచున్నది. అయినను తెలియక చేసిన తప్పునకు సయితము అందులో ఒక అర్పణ విధింపబడెను. తెలియమి నేరముయొక్క భారమును తగ్గించునేగాని, దానివలన నొచ్చుకొనిన పొరుగువాని గాయమును మాన్పదు. తెలిసికొనుటకు అవకాశముండియు తెలిసికొననివాని సంగతి ఇంకను వేరు. అతని తెలియమి అమాయకత్వము కాదు. అది అతడు కోరి నిలుపుకొనిన స్థితి.

ఈ ప్రశ్న నేడు ఒక వర్గమువారి యెదుట విశేషముగా నిలిచియున్నది. వారు ఉపాధ్యాయులను తయారుచేయు అధ్యాపకులు. 1986 జాతీయ విద్యా విధానము ననుసరించి ఏర్పడి, వాడుకలో 'డైట్'లని పిలువబడు జిల్లా సంస్థలలోను, బి.ఎడ్. కళాశాలలలోను పనిచేయు వీరిలో అనేకులు నల్లబల్ల, సుద్దముక్క, చార్టులతో చదువు చెప్పుట నేర్చినవారు. ఆ విద్యలో వారికి సాటి లేదు. అయితే నడివయస్సులో వారి చేతికి కంప్యూటరును, సెల్‌ఫోనును వచ్చినవి. తాము నేర్వని పనిముట్టును తమ శిష్యులు అవలీలగా వాడుచుండగా చూచుట ఏ గురువునకైనను సులభము కాదు. అట్టి సమయమున మనస్సు ఒక ఓదార్పును వెదకును: “యంత్రముల సంగతి కుర్రవాండ్రు చూచుకొందురు, మన పని బోధన” అని.

ఈ మాట క్రొత్తది కాదు. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వరకు ఒక అమెరికా ఉపగ్రహము సాయముతో మన దేశమున ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ కార్యక్రమములు ప్రసారము చేయబడినవి. ఆ రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పిల్లలకు పాఠములే గాక, సైన్సు బోధించు ఉపాధ్యాయులకు శిక్షణయు ఆ మార్గముననే ఇయ్యబడెను. 2004 సెప్టెంబరు 20న విద్య కొరకే నిర్మింపబడిన ఎడ్యుశాట్ ఉపగ్రహము శ్రీహరికోటనుండి పైకెగసెను. 2017 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవమున, నాటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు 'దీక్ష' అను విద్యా వేదికను ప్రారంభించిరి. ప్రతి పర్యాయము కొందరు యంత్రము గురువును తొలగించునని భయపడిరి. మరికొందరు యంత్రమే గురువగునని సంబరపడిరి. రెండును జరుగలేదు. తెరమీద పాఠము ముగిసిన తరువాత పిల్లవాడు లేచి అడిగిన సందేహమునకు తెర బదులు చెప్పలేదు. అక్కడ నిలిచియున్న ఉపాధ్యాయుడే చెప్పవలసివచ్చెను.

2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు మాత్రము, ఎంచుకొను స్వేచ్ఛ ఎవరికిని మిగులలేదు. పాఠము ఫోనులోనికి వెళ్లెను. బడులు తెరచిన పిమ్మటయు ఫోను పాఠమును విడువలేదు.

దీనిలో దాగియున్న నైతిక ప్రశ్నను తేటపరచుటకు ఒక దృష్టాంతమును ఊహింపవచ్చును. ఒక జిల్లా కేంద్రమున ఇరువదియైదేండ్లుగా బోధనా పద్ధతులు చెప్పుచున్న అధ్యాపకురాలు ఒకరున్నారనుకొనుడి. ఆమె శిష్యుడైన ఒక ఛాత్రోపాధ్యాయుడు బోధనాభ్యాసమునకు ఒక ఉన్నత పాఠశాలకు వెళ్లెను. ఉత్సాహవంతుడు. ఏడవ తరగతి పిల్లల తల్లిదండ్రులతో వాట్సాప్ గ్రూపు ఏర్పరచి, యూనిట్ పరీక్ష మార్కుల పట్టీని పేర్లతో సహా ఫోటో తీసి అందులో పెట్టెను. పరిశీలనకు వచ్చిన అధ్యాపకురాలు, సాంకేతిక సాధనముల వినియోగము అను అంశమునకు అతనికి నిండు మార్కులు వేసెను. ఆ పట్టీలో ఒక బాలికకు ఇరువదియైదింటికి నాలుగు మార్కులు. ఎవరో దానిని బంధువుల గ్రూపునకు పంపిరి. వారము తిరుగక మునుపే, “ఇంత మాత్రము చదువునకు బడి యెందుకు?” అను మాట ఆ యింటిలో పుట్టెను. బాలిక బడికి వచ్చుట మానెను.

సంగతి తెలిసి అధ్యాపకురాలు శిష్యుని పిలిచి అడిగెను. “డిలీట్ చేసేశానండి, మేడమ్” అని అతడు బదులు చెప్పెను. అతని గ్రూపులోనుండి అది పోయెను. ముప్పది యిండ్లలోని ఫోనులలోనుండి పోలేదు. “పేర్లు పెట్టకూడదని మాకెవరూ చెప్పలేదు, మేడమ్” అనియు అతడనెను. అందులో ఎదురుమాట లేదు, అబద్ధమును లేదు. అతనికి చెప్పవలసినది ఆమెయే. తనకు తెలియనందున ఆమె చెప్పలేదు. తెలియనందుననే నిండు మార్కులును వేసెను.

ఇక్కడ దోషి ఎవరు? శిష్యుడు కీడు తలపెట్టలేదు. అధ్యాపకురాలు ఆ ఫోనును ముట్టనైనను లేదు. అయినను ఒక బిడ్డ చదువు ప్రమాదములో పడెను. తాను వాడని పనిముట్టు విషయమున తనకు బాధ్యత లేదనుకొనుట సహజమే. అయితే ఆ పనిముట్టు తన శిష్యుల చేతులగుండ పసిపిల్లల జీవితములోనికి చొచ్చుచున్నప్పుడు, దానిని ఎరుగనని చెప్పి తప్పించుకొనుటకు గురువునకు వీలులేదు. చిన్నవారిలో ఒకనికి ఆటంకము కలిగించువానిని గూర్చి ప్రభువు పలికిన కఠినమైన మాట, ఆటంకము తెలిసి కలిగెనా తెలియక కలిగెనా అని విచారించుటకు ముందే, ఆ చిన్నవాని పక్షమున నిలుచుచున్నది.

అటువంటి అధ్యాపకురాలు చేయవలసిన మొదటి పని శిష్యుని వెంటబెట్టుకొని ఆ బాలిక యింటికి వెళ్లి క్షమాపణ అడుగుట. రెండవది మరింత కష్టమైనది. “దీనిని నాకు మొదటినుండి నేర్పించు, బాబూ” అని ఆ శిష్యునే అడుగుట. ఇందులో అవమానమేమియు లేదు. అపొల్లో విద్వాంసుడు, లేఖనములయందు ప్రవీణుడు, వాగ్ధాటి కలవాడు. ఎఫెసులో అతనికి మార్గమును మరింత పూర్తిగా విశదపరచినవారు డేరాలు కుట్టుకొని జీవించు అకుల, ప్రిస్కిల్ల అను దంపతులు. అపొల్లో వారివద్ద నేర్చుకొనుటచేత తగ్గిపోలేదు. ఆ తరువాత అకయలో అతని సేవ మరింత ప్రయోజనకరమాయెను. ఫోను నడుపుట శిష్యుడు గురువునకు కొన్ని దినములలో నేర్పగలడు. దానిని ఏ వివేకముతో నడుపవలెనో గురువు శిష్యునికి నేర్పవలసియున్నది. మొదటిది నేర్వనివారికి రెండవది నేర్పు అర్హత దొరకదు.

ఈ వివేకమునకే నేడు డిజిటల్ పౌరసత్వమని పేరు. 2007లో మైక్ రిబ్ల్, జెరాల్డ్ బెయిలీ అను విద్యావేత్తలు దీనిని గూర్చి అమెరికాలో ప్రచురించిన గ్రంథములో తొమ్మిది అంశములను వివరించిరి: అందుబాటు, క్రయవిక్రయములు, సంభాషణ, అక్షరాస్యత, మర్యాద, చట్టము, హక్కులు బాధ్యతలు, ఆరోగ్యము, భద్రత. ఈ జాబితాను నిదానముగా చదివినయెడల పేరొక్కటే క్రొత్తదని తెలియును. పొరుగువానియెడల మనుష్యుడు నడువవలసిన తీరే ఇందులో ఉన్నది. పొరుగువాడు ఇప్పుడు గోడ అవతలనే గాక తెర అవతలను ఉన్నాడు, భేదమంతయు అంతియే.

తొమ్మిదవ ఆజ్ఞ పొరుగువానిమీద అబద్ధ సాక్ష్యమును నిషేధించుచున్నది. వినిన పుకారును మోసికొనిపోవుట సయితము నిర్గమకాండములో వేరుగా నిషేధింపబడెను. 2018లో పిల్లలను ఎత్తుకొనిపోవువారు తిరుగుచున్నారను వదంతి సెల్‌ఫోనులద్వారా దేశమంతట వ్యాపించెను. పిల్లల భద్రతను గూర్చి ప్రజలను మేల్కొలుపుటకు పాకిస్తానులో తీసిన ఒక చిత్రమునుండి చివరి భాగమును కత్తిరించి, అది నిజముగా జరిగిన అపహరణమన్నట్లు పంపిరి. పలు రాష్ట్రములలో గుంపులు దారిన పోవు నిరపరాధులను కొట్టి చంపినవి. ఆ జూలైలో వాట్సాప్ సంస్థ మన దేశమున ఒక సందేశమును ఒకేసారి అయిదింటికి మించి పంపవీలులేకుండ కట్టడి చేసెను. పంపినవారిలో అధికులు క్రూరులు కారు. తమ పిల్లల క్షేమము కోరిన తల్లిదండ్రులే. భయమును నిజమని నమ్మి, విచారింపక ముందుకు పంపిరి.

ఆ దినములలో జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంటుగా ఉన్న రెమా రాజేశ్వరి ఆ వదంతులను ఎదుర్కొనిన విధము ఉపాధ్యాయులు తలంచుకొనదగినది. ఆమె తన సిబ్బందిని పల్లెలకు పంపి, డప్పులతో, పాటలతో, జానపద కళారూపములతో ప్రజలకు నిజమును బోధింపజేసిరి. ఫోనులో పుట్టిన కీడునకు చావడిలో ముఖాముఖిగా పలికిన మాట మందాయెను. పాత బోధనా విద్య నేర్చినవారు సిగ్గుపడనక్కరలేదు. క్రొత్త కీడును గుర్తుపట్టుట మాత్రము వారు నేర్చుకొనవలెను.

ఇక పిల్లల ఆంతరంగికత. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము ఆంతరంగికత పౌరుని ప్రాథమిక హక్కని తీర్పు చెప్పెను. 2023లో పార్లమెంటు ఆమోదించిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, పదునెనిమిదేండ్లు నిండనివారి సమాచారమును వాడుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని విధించెను. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి; అమలు దశలవారీగా జరుగవలసియున్నది. అయితే చట్టము వచ్చువరకు ఆగవలసిన సంగతియా ఇది? బిడ్డ వైఫల్యమును నలుగురిలో చాటకూడదని గ్రహించుటకు ఏ శాసనసభ కూర్చుండవలెను?

మరియొక పక్షము వాదనను త్రోసివేయుట న్యాయము కాదు. ప్లేటో 'ఫీడ్రస్' అను సంభాషణలో ఒక కథ కలదు. అక్షరములను కనిపెట్టిన దేవతతో ఐగుప్తు రాజు, ఈ వ్రాత మనుష్యుల జ్ఞాపకశక్తిని క్షీణింపజేయునని వాదించెను. రాజు మాట కొంతవరకు నిజమే. కాని ఆ కథ నేటివరకు నిలిచినది ప్లేటో దానిని వ్రాసినందుననే. 1740లలో బెంజమిన్ షుల్జ్ జర్మనీలోని హాలే పట్టణమున తెలుగు క్రైస్తవ పుస్తకములను అచ్చువేయించినప్పుడు, మన భాషకు అచ్చుయంత్రము అంతే క్రొత్తది. సాధనము కొంత తీసికొనును, కొంత ఇచ్చును. ఏమి తీసికొనుచున్నదో కనిపెట్టియుండుట గురువు పని. దూరముగా కూర్చుండి నిందించువానికి అది కనబడదు.

బీదల సంగతియు మరువరాదు. ప్రభుత్వ గణాంకముల ప్రకారము దేశమున ఇంటర్నెట్ ఉన్న పాఠశాలలు 2023-24లో నూటికి 53.9; 2024-25లో 63.5. అనగా ఇంకను మూడింట ఒక వంతునకు మించి బడులకు ఆ సౌకర్యము లేదు. ఒక్క ఫోనే ఉన్న యింటిలో అది మొదట ఎవరి చేతికి పోవునో, అన్నచేతికా చెల్లెలిచేతికా, పల్లె ఉపాధ్యాయునికి తెలియును. కనుక సాంకేతికతను హత్తుకొనుట సుద్దముక్కను పారవేయుట కాకూడదు. లేనివానిని లెక్కలోనికి తీసికొననిది పౌరసత్వమనిపించుకొనదు.

2022 చివరినుండి, అడిగినదానినెల్ల వ్రాసి యిచ్చు కృత్రిమ మేధ సాధనములు ఎల్లరికి అందుబాటులోనికి వచ్చినవి. పాఠ్యపథకమును క్షణములో అది వ్రాసిపెట్టును. అయితే రికార్డులను డబ్బిచ్చి వ్రాయించుకొనుట శిక్షణ కళాశాలలలో మునుపెన్నడును లేదా? యంత్రము ఆ పాపమును తేలేదు. దానిని చౌక చేసెను. దీనిని ఎరుగని అధ్యాపకుడు అందమైన రికార్డును చూచి మోసపోవును. ఎరిగినవాడు, “దీనిని నీ తరగతిలోని ఏ బిడ్డను తలంచుకొని సిద్ధపరచితివి?” అని అడుగును. ఆ ప్రశ్నకు యంత్రము బదులు చెప్పలేదు.

బోధకులకు మరి కఠినమైన తీర్పు కలదని యాకోబు హెచ్చరించెను. బోధకులకు బోధించువారి లెక్క మరింత పెద్దది. ఒక శిక్షణ తరగతిలో ఏబదిమంది ఛాత్రోపాధ్యాయులుందురు. ఒక్కొక్కరు ఏటేట ముప్పదిమంది పిల్లలకు చెప్పినను పదునైదు వందలమంది బిడ్డలు ఆ ఒక్క గురువు వివేకమునకో, ఏమరుపాటునకో లోబడుదురు. వారిలో ఆ నాలుగు మార్కుల బాలికవంటివారును ఉందురు. ఆ బిడ్డ తిరిగి బడికి వచ్చునో రాదో ఏ చట్టమును, ఏ యంత్రమును నిశ్చయింపజాలదు. పేరును ఎక్కడ పలుకవలెనో, ఎక్కడ దాచవలెనో ఎరిగిన గురువు ఆమెకు దొరుకుటమీద అది చాల వరకు ఆధారపడియున్నది. గొఱ్ఱెలను పేరుపెట్టి పిలుచు మంచి కాపరి, ఆ పేర్లను బజారులో చాటించలేదు. ఆయనను వెంబడించు ప్రతి గురువును తన చేతిలోని క్రొత్త పనిముట్టును ముట్టుటకు ముందు దీనిని జ్ఞాపకము చేసికొనునుగాక.